ఇసుక బస్తాలు కదలవు

"మీ ఇంట్లో వాళ్లే అది ఒరిగిపోతుందని చెబుతుంటే, అందులోకి పిల్లల్ని నేనెలా ఎక్కించను సాయిసుధా? శనివారం ఒక్కరోజు ఆగుతాను. ఆదివారం పొద్దున మనుషుల్ని పంపి బడి విప్పించేస్తాను. వద్దంటే, ఆ మాట అన్నవాళ్లే నాకు ఫోన్ చేసి వెనక్కి తీసుకోవాలి."

నిన్న సాయంత్రం, బడికి డబ్బు పెట్టిన ట్రస్టు ప్రీతి మేడం ఫోనులో అన్న మాటలివి. తెల్లారినా సుధ మనసు అందులో ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది. మీ ఇంట్లో వాళ్లే. ఇంట్లో ఉన్నది ముగ్గురు. తను అనలేదు. ఇక మిగిలింది ఇద్దరు.

దోసె తిరగేసి, అట్లకాడ పక్కన పడేసి హాల్లోకి వచ్చింది. శనివారం కాబట్టి మల్లికార్జున ఇంకా లుంగీలోనే ఉన్నాడు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ప్రీతికి ఫోన్ చేసింది మీరా, మామయ్యగారా?"

పేపరు కిందికి దిగలేదు.

"నేనే."

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటల్లో సగం అక్కడే పనికిరాకుండా పోయాయి.

"నా బడి ఒరుగుతుందని మీకెవరు చెప్పేరు? మీరు చేసేది గుర్గావ్‌లో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని. డ్రమ్ము నీళ్లలో ఎలా తేలుతుందో మీరెప్పుడైనా చూశారా?"

"నేను చూళ్లేదు. నాన్న చూశారు."

కుడివైపు మామగారి గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నారు. సరిగ్గా ఆ మాటకి రేడియో ఆగిపోయింది.

సుధ గొంతు తగ్గించింది. తగ్గించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"ఏం చూశారట?"

"మొన్న ఇసుక బస్తాలు పెట్టి పరీక్ష చేశావు కదా, ఆ రోజు వచ్చారు. జనం ఒక పక్కకి చేరితే అంచు మునుగుతుందన్నారు. ఏదో లెక్క కూడా కట్టారు."

"నలభై మంది బరువు పెట్టి చూశాం. అంగుళం వంగలేదు."

"నాకు తెలీదు సుధా. ఆయన అన్నారు, నాకు భయమేసింది. ఎవరి పిల్లాడో నీళ్లలో పడితే పోలీసులు వచ్చేది ఈ ఇంటికే."

"భయమేస్తే నాకు చెప్పాలి. ప్రీతికి చెప్పడమేంటి?"

మల్లికార్జున పేపరు మడతలు సరిచూసి, నాలుగు మడతలు పెట్టి, టీపాయ్ మీద పెట్టాడు. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు అతనికి చేతులకి ఏదో ఒక పని దొరుకుతుంది.

"అక్టోబరు ఒకటికి నేను హైదరాబాదు ఆఫీసులో చేరాలి" అన్నాడు. "నువ్వు వస్తావో రావో నెల్లాళ్లుగా చెప్పట్లేదు."

"వరద వచ్చి, బడి ఒక్కసారి లేచి, మళ్లీ కిందికి దిగాక చెబుతానన్నాను."

"వరద రాకపోతే?"

"వస్తుంది."

"ఈ ఢిల్లీ మొత్తంలో వరద రావాలని కోరుకునే మనిషివి నువ్వొక్కదానివే."

వేరే రోజైతే ఆ మాటకి నవ్వేదే. ఈ రోజు నవ్వు రాలేదు.

"ప్రీతికి ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇప్పుడే."

"నాన్న లెక్క తప్పని చూపించు. తీసుకుంటాను."

వంటింట్లోంచి మాడువాసన వచ్చింది. సుధ వెళ్లి పొయ్యి కట్టేసింది. మాడిన దోసెని పెనంతో సహా సింకులో పెట్టింది. బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

పోతూ పోతూ ఒకటి చెయ్యలేదు. రోజూ ఎనిమిదింటికి మామగారి గది గుమ్మం పక్కన స్టూలు మీద కాఫీ పెట్టి, గ్లాసుకి చెంచా రెండుసార్లు తాకిస్తుంది. ఆ చప్పుడు విని ఆయన తీసుకుంటారు. ఆ పొద్దున స్టూలు ఖాళీగా ఉంది.

అనంతరామయ్యగారు కోడలితో సూటిగా మాట్లాడరు. కోపమేం కాదు, వాళ్ల పద్ధతి. గోదావరి లంకల్లో వాళ్ల ఇంట మామగారు అనుకున్నది అత్తగారికి చెబుతారు, అత్తగారు కోడలికి చెబుతారు. నదుల నీటిమట్టాలు కొలిచే ఆఫీసులో ముప్పై రెండేళ్లు ఉద్యోగం చేసి ఢిల్లీలో రిటైరైనా, ఆ పద్ధతి ఆయన వెంటే వచ్చింది. "అమ్మాయిని కాఫీలో పంచదార తగ్గించమను" అని ఆయన మాణిక్యాంబగారితో అంటే, నాలుగడుగుల దూరంలో ఉన్న సుధ విననట్టే ఉండి, అత్తగారు మళ్లీ చెప్పాక తగ్గించేది. నవ్వొచ్చే ఏర్పాటే. కానీ పదమూడేళ్లు హాయిగా నడిచింది.

రెండున్నరేళ్ల కిందట మాణిక్యాంబగారు పోయారు. అప్పట్నుంచి మోసుకెళ్లే మనిషి లేక ఆ ఇంట్లో మాటలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. బడి తేలుతుందని సుధ మొదటిసారి చెప్పినప్పుడు "పిల్లలకి కళ్లు తిరగవుటే?" అని అడిగింది కూడా ఆవిడే. ఈ మూడేళ్లలో ఆ ఇంట్లో బడి గురించి ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే.

*

మయూర్ విహార్ మెట్రో స్తంభాల దుమ్ము దాటి, యమునకి కట్టిన గట్టు దిగితే, పెద్ద ఊరు అక్కడితో ఆగిపోతుంది. అవతల కాలీఫ్లవర్ మళ్లు, గులాబీ తోటలు, ముప్పై రెండు గుడిసెలు. వాటి మధ్యలో బడి.

అందులో ఒక్క ఇటుక లేదు, ఒక్క సిమెంటు బస్తా లేదు. వెదురు చట్రం, రెల్లు గోడలు, గడ్డి కప్పు. సుధ అంతకుముందు పదేళ్లు గుర్గావ్‌లో మాల్స్‌కి అద్దాలు తొడిగే కంపెనీలో పనిచేసింది. నలభై అయిదు డిగ్రీల ఎండలో అద్దాల పెట్టె కట్టడం, తర్వాత దాన్ని చల్లబరచడానికి కరెంటు తగలెయ్యడం. ఒకరోజు విసుగెత్తి మానేసింది. ఈ బడిలో ఫ్యాను లేదు. అయినా జూన్ మధ్యాహ్నాలు గుడిసెల్లోని రేకుల వేడి తట్టుకోలేక ముసలివాళ్లు కూడా ఇక్కడికొచ్చి పడుకునేవారు.

నేల కింద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు వరసలుగా కట్టి ఉన్నాయి. నాలుగు మూలలా నాలుగు ఇనుప స్తంభాలు భూమిలో పాతి, వాటికి పెద్ద కడియాలు తొడిగి, బడిని ఆ కడియాలకి కట్టింది. నది వస్తే బడి స్తంభాలు పట్టుకుని పైకి లేస్తుంది. నది పోతే ఎక్కడిదక్కడ దిగుతుంది. ప్రతి వర్షాకాలం రెండు నెలలు గట్టు మీద ప్లాస్టిక్ పట్టాల కింద చదువు లేకుండా గడిపే పిల్లలకి ఈ ఏడు బడి ఆగదు. ఆమె కోరిక అంతే. దానికోసమే బడి చుట్టూ గొయ్యి తవ్వించి, గొట్టపుబావి నీళ్లు నడుము లోతున నింపి, పరీక్షలు చేస్తోంది.

తేలిక చెయ్యాలన్నది ఆమెకి పిచ్చిలా పట్టుకుంది. ఏ వెదురు అక్కర్లేదో అది తీసేసింది. ఇసుక బస్తాల పరీక్ష నెగ్గాక మూలల్లో ఉన్న పన్నెండు డ్రమ్ములు కూడా అనవసరమని విప్పించి, ఊరి ఆడవాళ్లకి ఇచ్చేసింది. ఇప్పుడవి గుమ్మాల ముందు నీళ్లతో నిండి ఉన్నాయి.

"చౌకీదార్ మనా కర్ రహా హై, దీదీ" అంది కమలేశ్. ఆ ఊళ్లో సుధతో అందరికంటే ముందు మాట కలిపింది ఆవిడే. "కాపలావాడికి ట్రస్టు నుంచి ఫోన్ వచ్చిందట. ఎవర్నీ ఎక్కనివ్వద్దన్నారట."

"నేను చెబుతున్నాను కదా. అందర్నీ పిలువు."

"సబ్ కో?"

"అందర్నీ."

ముప్పై మందికి పైగా వచ్చారు. అందరూ ఆడవాళ్లే, చంకల్లో పిల్లలతో. చెప్పులు గట్టున విడిచి, గొయ్యికి అడ్డంగా వేసిన చెక్క మీదుగా ఒక్కొక్కరే ఎక్కారు. సుధ వాళ్లని వరసలుగా కూర్చోబెట్టింది. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. అచ్చం తన గీతల్లో గీసినట్టే.

బడి కొంచెం దిగి, నిలబడింది. నీటిమట్టం గుర్తు వేసిన ఎర్ర గీత నాలుగు వైపులా సమానంగా ఉంది. సుధ వంగి చూసి, మళ్లీ చూసి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీసింది. ఈ ఫోటో మల్లికార్జున ముందు పెడితే చాలు. ఆ ఓరగా వేసిన తలుపు ముందు కూడా పెట్టాలి. ఇంత చేసినా చూపించడానికి ఈ ఇద్దరే ఉన్నారన్న సంగతి అప్పుడే తట్టి, ఆ సంతోషం కాస్తా చల్లారింది.

"క్యా హో రహా హై?" అంటూ హర్‌ఫూల్ బాబా వచ్చాడు. ఊరికి పెద్ద, డెబ్బై ఏళ్ల మనిషి. కమలేశ్‌కి మామగారు, మిగతా సగం మందికి మామగారి వరస. చేతికర్ర ఆ చెక్క మీద టకటకలాడించుకుంటూ, ఆడుతూ పాడుతూ ఎక్కేశాడు.

ముప్పై ముసుగులూ ఒక్కసారిగా ముఖాల మీదికి దిగాయి. ముప్పై మందీ ఒక్కసారిగా లేచి, ఆయనకి వీపు తిప్పి, అవతలి అంచుకి జరిగి, అక్కడ దగ్గర దగ్గరగా కూర్చున్నారు.

బడి మూలిగింది. అంచు దిగింది. నీళ్లు చాపల మీదుగా పాక్కుంటూ వచ్చి సుధ చీలమండల్ని తాకాయి. పిల్లలు రాసుకునే పలకలు రెండు తేలుకుంటూ పోయాయి. ఎవరి చంకలోనో పసివాడు నీళ్లు చూసి కేరింతలు కొట్టాడు.

"బాబా, దిగండి" అంది సుధ. "జల్దీ."

ఆయన దిగాడు. ఆడవాళ్లు మధ్యకి వచ్చారు. అయినా ఆ పక్క వెంటనే లేవలేదు. మూలనున్న కడియం వంకరపోయి స్తంభానికి బిగుసుకుంది. సుధ నీళ్లలోకి దిగి, రాయితో నాలుగు దెబ్బలు కొట్టాకే అది జారింది.

"అంతా ఒకేచోటికి ఎందుకెళ్లారు?" అని అడిగింది, తడిసిన చీర పిండుకుంటూ.

కమలేశ్ ముసుగులోంచి వింతగా చూసింది. "ససుర్ కే సామ్నే కైసే బైఠేఁ, దీదీ? మీ వైపు మామగారి ముందు కూర్చుంటారా?"

సుధ చీర పిండటం ఆపేసింది. మామగారు హాల్లోకి వస్తే తను కుర్చీలోంచి లేచి వంటింటి గుమ్మం దగ్గరికి జరుగుతుంది. పదహారేళ్లుగా రోజూ జరుగుతోంది. ముసుగొక్కటే లేదు. తనింట్లో తను చేసే పని తన గీతల్లో ఎక్కడా గియ్యలేదు. నలభై మందీ ఎవరి చదరంలో వాళ్లు కదలకుండా కూర్చుంటారని గీసింది.

ఇసుక బస్తాలు అలాగే కూర్చున్నాయి మరి.

సిగ్గేసింది. తప్పు చేసినందుకు కంటే, ఈ తప్పు ఇంట్లో ఇద్దరికీ ముందే తెలిసి, తనకొక్కదానికే తెలియకుండా ఇన్నాళ్లు తిరిగినందుకు ఎక్కువ సిగ్గేసింది.

*

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. మల్లికార్జున లేడు. సుధ తడి చీరతోనే కుడివైపు గది ముందు నిలబడింది. తలుపు తట్టడం కూడా అలవాటు లేని తలుపది. ఖాళీ స్టూలుని చేత్తో కొంచెం జరిపింది, చప్పుడయ్యేలా.

అనంతరామయ్యగారు తలుపు తీసి, ఆమె వెనకాల కొడుకు ఉన్నాడేమోనని చూశారు.

"వాడు లేడా?"

"లేరండి. బజారుకెళ్లినట్టున్నారు."

అడిగింది ఆయనే, జవాబిచ్చింది ఆమే. మధ్యలో ఎవరూ లేరు.

"మీ లెక్క నిజమేనండీ" అంది సుధ. "ఇప్పుడే చూసొచ్చాను. అంచు మునిగింది. కడియం కూడా పట్టేసింది."

ఆయన తల తిప్పుకుని గోడ మీది కేలండర్‌తో మాట్లాడినట్టు మాట్లాడారు. "పట్టేస్తుంది. నీళ్లు పెరుగుతుంటే మూడు మూలలు లేస్తాయి, నాలుగోది లేవదు. ఎనభై ఆరు వరదల్లో మా లంకలో పడవ మీంచి పులిహోర పొట్లాలు పంచేరు, ఒక పక్క నిలబడి. జనం అంతా ఆ పక్కకే వచ్చేశారు. ఇద్దరు దొరకలేదు." కేలండర్ అంచు సరిచేశారు. "అందుకే ఆ రోజే చెప్పేను."

"నాకు చెప్పొచ్చు కదండీ. ట్రస్టువాళ్లకి చెప్పించడం ఎందుకు?"

ఆయన కేలండర్ వదిలి ఆమె వైపు తిరిగారు.

"ట్రస్టు ఎవరు?"

సుధ ఆయన ముఖంలోకి చూసింది.

"నేను మల్లిగాడికి చెప్పేను" అన్నారాయన. "'అమ్మాయికి చెప్పరా. మనుషులు బస్తాల్లా ఉండరు, మూలల్లో డ్రమ్ములు తియ్యొద్దను. రెండు పక్కలా వెదుళ్లు బయటికి చాచి, వాటికి కట్టమను' అని. కాగితం మీద గీసి కూడా పెట్టేను. నువ్వొచ్చి అడుగుతావేమోనని పదకొండు రోజుల్నుంచీ ఆ కాగితం బల్ల మీదే ఉంది. సాయంత్రం నీ తాళంచెవి చప్పుడైతే కళ్లజోడు పెట్టుకుని కూచునేవాణ్ణి. నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయేదానివి. ముసలాడి లెక్క దానికేం పట్టింది అనుకున్నాను."

బల్ల మీద కాగితం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద మాణిక్యాంబగారి కుంకుమ భరిణె పెట్టారు.

"నాకెవరూ చెప్పలేదు మామయ్యగారూ."

"ఎవరూ?"

"ఎవరూ చెప్పలేదండీ."

ఆయన మంచం మీద కూర్చున్నారు. పదకొండు సాయంత్రాలు. ఒకే ఇంట్లో, ఒక గోడకి అటూ ఇటూ. ఒకరు పిలుపు కోసం, ఒకరు ఒక్క మంచి మాట కోసం. సుధకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఆయన చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశారు. ఆయనకి తెలిసిన మర్యాద అదే.

వీధి తలుపు తెరుచుకుంది. మల్లికార్జున చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రైల్లో సూట్‌కేసులు కట్టేసే గొలుసూ తాళమూ ఉన్నాయి. తన తండ్రి గదిలో భార్య నిలబడి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏరా" అన్నారు అనంతరామయ్యగారు, సుధ కంటే ముందు హాల్లోకి వచ్చి. "అమ్మాయికి చెప్పమన్నది చెప్పేవా?"

మల్లికార్జున సంచీని టీపాయ్ మీద పెట్టి, గొలుసు బయటికి తీసి, చిక్కు విప్పడం మొదలుపెట్టాడు.

"దాన్ని పక్కన పెట్టండి" అంది సుధ. "పదకొండు రోజులు. ప్రీతికి చెప్పడానికి నోరొచ్చింది, నాకు చెప్పడానికి రాలేదా?"

"చెబుదామనే అనుకున్నాను."

"మరి?"

"చెప్తే సరిచేసేస్తావు సుధా."

ఎంతో మామూలుగా అన్నాడు. అన్నాక తనే ఆ మాట విని, తలొంచుకున్నాడు.

"సరిచేసేస్తావు" అన్నాడు మళ్లీ, ఈసారి నెమ్మదిగా. "నాకు తెలుసు. వారంలో సరిచేస్తావు. బడి లేస్తుంది. పేపర్లో వస్తుంది. తర్వాత ఇంకో బడి, ఇంకో వరద. నేను అక్కడ ఫ్లాటులో ఒక్కణ్ణీ ఉండాలి. నువ్వు రానని ఎప్పుడూ అనవు. వస్తాననీ అనవు. దానంతటది ఆగిపోతే నువ్వు వచ్చేస్తావనుకున్నాను."

సుధ అతన్ని చాలాసేపు చూసింది. తిట్టడానికి ఎన్నో ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో తానొక్కతే ఒంటరిదాన్ననుకోవడం కూడా తన లెక్కల్లో ఒక తప్పేనని అప్పుడే తెలిసి, తిట్టలేకపోయింది. కోపం మాత్రం పోలేదు.

"అందులో పిల్లలు ఎక్కేవారు" అంది. "మీరు ప్రీతికి చెప్పేదాకా, తప్పు తెలిసి కూడా, పది రోజులు నన్ను వాళ్లతో ఎక్కనిచ్చారు. నేను రోజూ దాని మీద ఉన్నాను."

అతను జేబులోంచి కవరు తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఏపీ ఎక్స్‌ప్రెస్ టికెట్లు. సోమవారం సాయంత్రానివి.

"మూడు తీశాను. నువ్వు రాకపోతే ఒకటి క్యాన్సిల్ చేస్తాను."

"మూడేంటి?" అన్నారు అనంతరామయ్యగారు.

"మీరు ఇక్కడ ఒక్కరూ ఏం చేస్తారు నాన్నా. మీక్కూడా తీశాను."

పెద్దాయన కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నాకు చెప్పమని ఎవరితోనైనా చెప్పి పంపేవా?"

మల్లికార్జున ముఖం ఎర్రబడింది. పక్కఫ్లాటు కుక్కరు మూడు విజిల్స్ వేసి ఆగింది.

అప్పుడు అనంతరామయ్యగారి గదిలో ఫోన్ మోగింది. వర్షాకాలం నాలుగు నెలలూ ఆ ఫోన్ ఈ టైముకి మోగుతుంది. పాత ఆఫీసులో ఇంకా ఉద్యోగంలో ఉన్న జనార్దనరావు, ఎగువన యమున మీదున్న హత్నీకుండ్ బ్యారేజీ నుంచి ఎంత నీరు వదిలారో చెబుతాడు. ఈయన దాన్ని కేలండర్‌లో రాసుకుంటారు. రిటైరై పదేళ్లైనా మానలేదు.

ఈసారి రాసుకోలేదు. విని, ఫోన్ పెట్టేసి, తిన్నగా కోడలి ముందుకొచ్చి నిలబడ్డారు.

"పెద్ద వరదమ్మా. పొద్దున వదిలేరు. సోమవారం సాయంత్రానికి మన దగ్గరుంటుంది."

సుధ చూపు టికెట్ల మీదికి పోయింది. ఆయన చూపు కూడా.

"ఆ పన్నెండు డ్రమ్ములు ఎక్కడున్నాయి?"

"ఊళ్లోనే ఉన్నాయండి. అడిగితే ఇచ్చేస్తారు. కానీ పొద్దున్నే ప్రీతి మనుషులు వస్తారు. బడే ఉండదు."

"ఏం చేస్తే ఉంటుంది?"

"అన్న మాట వెనక్కి తీసుకోవాలి. అన్నవాళ్లే."

అనంతరామయ్యగారు కొడుకు వైపు చూడలేదు. తన గదిలో బల్ల దగ్గరికెళ్లి, కుంకుమ భరిణె పక్కకి జరిపి, కాగితం తెచ్చి, రైలు టికెట్ల మీదే పరిచారు. పెన్సిలు గీతలు సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. రెండు పక్కలా చాచిన వెదుళ్లు, పక్కకి ఆరేసి డ్రమ్ములు. అడుగున చిన్న అక్షరాలతో రాసి ఉంది: అమ్మాయికి.

సుధ సెల్‌ఫోన్ తీసి, ప్రీతి నంబరు నొక్కి, భర్త చేతిలో పెట్టింది.

"నేను వస్తానో రానో ఇప్పుడే అడక్కండి. ముందు ఇది చెప్పండి. తప్పుందని చెప్పండి. సరిచేస్తున్నారని కూడా చెప్పండి. రెండూ నిజాలే."

అవతల ఫోన్ మోగుతున్న చప్పుడు ముగ్గురికీ వినపడుతోంది.

"హలో ప్రీతి జీ, నమస్తే" అన్నాడతను. "మల్లికార్జున్ బోల్ రహా హూఁ." భార్యని చూశాడు. తండ్రిని చూశాడు. "హాఁ జీ, ఉసీ కే బారే మేఁ." ఆ బడి గురించేనంటూనే బాల్కనీలోకి నడిచి, వెనకాల గాజు తలుపు మూసుకున్నాడు.

బయట మెట్రో పనివాళ్ల యంత్రం మోతపెడుతోంది. అతని వీపు మాత్రం కనిపిస్తోంది. ఒక చెయ్యి ఊచపై ఉంది. తల ఒకసారి ఊపాడు. కాసేపాగి మళ్లీ ఊపాడు. అది అవునో కాదో వెనకనుంచి తెలియడం లేదు.

అనంతరామయ్యగారు తన పక్క కుర్చీ బయటికి లాగారు. సుధ ఒక్క క్షణం తటపటాయించి, ఆ తడి చీరతోనే ఆయన పక్కన కూర్చుంది.

"ఏం చెబుతున్నాడమ్మా?"

సుధ గాజు తలుపు వైపే చూస్తోంది.

"వినపడట్లేదు మామయ్యగారూ."